వెతికి చేసిన తప్పు

కీబోర్డు బోర్లించి అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే ఏమేం రాలతాయో నెట్ సెంటరు నడిపేవాళ్ళని అడగాలి. బఠాణీ పొట్టు, తలవెంట్రుకలు, గోళ్ళ ముక్కలు. మిరప కోతల రోజుల్లో అయితే మిరపగింజలు కూడా. కల్లాల నుంచి నేరుగా వచ్చి పిల్లల రిజల్ట్స్ చూసుకునే వాళ్ళ చేతులకి అంటుకుని వస్తాయి. మా సెంటర్లో ఆరు సిస్టమ్‌లు. రోజూ పొద్దున్నే ఆరు కీబోర్డులూ దులిపి, మానిటర్లు తుడిచి, వైరస్ పట్టినదానికి విండోస్ మళ్ళీ ఎక్కించి, కుండలో మంచినీళ్ళు నింపేసరికి మావారు ఇషాక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కౌంటర్ దగ్గర కూర్చుంటారు. ఎవరైనా నన్ను చూసి అడిగితే ఆయన చెప్పేది ఒకటే మాట. "మా ఆవిడ కూడా వచ్చి కాసేపు కూర్చుంటుందండీ, ఇంట్లో తోచదు కదా!"

తోచదట! నాలుగింటికి లేచి ఇద్దరు పిల్లలకి, ఆయనకి, మా అత్తగారు చాంద్‌బీకి వండి, ఆవిడ షుగరు బిళ్ళలు ఏ పూటవి ఆ పూటకి విడిగా పెట్టి, బట్టలు ఉతికి ఆరేసి వస్తాను నేను. డిగ్రీలో కంప్యూటర్స్ చదివింది నేను. ఇంటర్ రెండుసార్లు రాసి వదిలేసింది ఆయన. అయినా బోర్డు మీద ప్రొప్రయిటర్ షేక్ ఇషాక్ అని ఉంటుంది, నేను కాసేపు కూర్చుంటాను. అద్దంకి బస్టాండు వెనక వీధిలో, 2006లో సంగతి ఇది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి గొప్పగా ఏం చేశానని?

నాకు చదరంగం వేటపాలెం హైస్కూల్లో వచ్చింది. ఆటల పోటీలకి ఆడపిల్లల పేర్లు ఇమ్మంటే, ఓణీ వేసుకుని పరిగెడితే ఊరంతా చూస్తారని మా అమ్మ ససేమిరా అంది. మా నాన్న బుడాన్ పరుపులు కుట్టేవాడు. ఒంటినిండా దూదితోనే స్కూలుకొచ్చి, "కూర్చుని ఆడేది ఏదైనా ఉంటే మా పిల్లని అందులో వెయ్యండి సార్" అన్నాడు. తర్వాత తనూ నా దగ్గరే నేర్చుకుని, నా చేతిలోనే ఓడిపోయి, "మా పిల్ల నన్ను చిత్తు చేసిందిరా!" అని వీధంతా చెప్పుకునేవాడు. ఓడిపోయి అంత సంబరపడిన మగమనిషిని మళ్ళీ చూడలేదు నేను. 2006 నాటికి ఆయన పోయి నాలుగేళ్ళయింది.

నెట్‌లో చెస్ ఆడే సైటు ఒకటుందని మావారే కనిపెట్టారు. ఇషాక్ అద్దంకి అని ఐడీ పెట్టుకుని, ఆరు ఆటలు ఆడి, ఆరూ ఓడి, "పనికిమాలిన ఆట" అని వదిలేశారు. ఆ ఐడీని నేను తీసుకున్నాను. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళి ఓ కునుకు తీసి వచ్చేదాకా సెంటర్లో ఈగ కూడా ఉండదు. ఆ రెండు గంటలూ నావి.

ఆ సైటులో చేరగానే అందరికీ పన్నెండు వందల పాయింట్లు ఇస్తారు. గెలిస్తే ఆ నంబరు పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. అయితే మనకంటే పైవాడిని ఓడిస్తే బాగా పెరుగుతుంది, కిందివాడిని ఓడిస్తే ఒకటో రెండో విదిలిస్తుంది. కిందివాడి చేతిలో ఓడామా, నిలువునా కోసేస్తుంది. కల్లంలో ఆడకూలీలు ఎర్రకాయ ఒక గుట్ట, తాలుకాయ ఒక గుట్ట వేసినట్టు, ఆడగా ఆడగా ఎవరి గుట్టలోకి వాళ్ళని చేర్చేస్తుంది. నాకు మరీ నచ్చింది ఏంటంటే, అక్కడ పెద్ద ఆకుపచ్చ బటన్ ఒకటుంది. అది నొక్కితే ఆ నిమిషాన లోకంలో ఆటకి సిద్ధంగా ఉన్న వేలమందిలోంచి మన నంబరుకి దగ్గరవాడిని వెతికి తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది. నువ్వెవరి కోడలివి, ఏం వండావు, ఇంత పొద్దుపోయాక వచ్చావేం అని అడగదు. సమానమైనవాళ్ళని తెస్తుంది కాబట్టి సగం ఆటలు గెలుస్తాం, సగం ఓడతాం. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను సగం గెలిచిన చోటు ఇంకోటి లేదు.

అలా మూడేళ్ళు ఆడితే ఆ నంబరు పదిహేడు వందల తొంభై అయింది. ఒకరోజు ఆయన చూశారు. "ఇదేంటి, ఇంతుంది?" అన్నారు. "ఖాళీగా ఉన్నప్పుడు ఆడుతున్నానండీ" అన్నాను. "ఓహో" అని ఊరుకున్నారు. అదే సాయంత్రం విత్తనాల కొట్టు శివరామకృష్ణ వస్తే, "నా రేటింగ్ చూశావా రామకృష్ణా! పదిహేడు వందల తొంభై!" అన్నారు. వెనక టీ గ్లాసులు కడుగుతూ విన్నాను. కోపం రావాలి కదా? రాలేదు. ముచ్చటేసింది! ఆ నంబరు గొప్పదని ఆయన నోటితో అన్నారు కదా, నన్నే అన్నట్టు లోపల్లోపల మురిసిపోయాను. తల్చుకుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఆ గొప్ప ఊళ్ళో తిరిగి తిరిగి ఏసోబు మాస్టారి దాకా పోయింది. ఆయన లెక్కల మాస్టారు, ఒంగోలు టోర్నమెంట్లలో ఆడే మనిషి. వేసవి సెలవుల్లో పిల్లలకి చెస్ క్లాసు పెట్టాలని చోటు చూస్తున్నారు. మాకేమో కోర్టు దగ్గర ఏసీ నెట్ సెంటరు తెరిచినప్పటినుంచీ సగం కుర్చీలు ఖాళీ. ఆ క్లాసు వస్తే సెంటరు నిలబడుతుంది, రాకపోతే జూన్‌లో షట్టరు దించేయడమే. మాస్టారు వచ్చి, "చోటొక్కటే కాదు ఇషాక్ గారూ, నాతోపాటు నేర్పడానికి ఆడటం వచ్చిన మనిషి కావాలి. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వస్తా. నెట్‌లో రెండు ఆటలు ఆడి చూపించండి" అన్నారు.

మాస్టారు గడప దాటగానే మావారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏదో ఒకటి చెయ్యి సాజిదా" అన్నారు. ఆడటం వచ్చిన మనిషి కావాలన్నారు, ఆ మనిషి అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆయనకి తట్టలేదు, పోనీ. నాకు తట్టిందా? నాకూ తట్టలేదు! ఆయన పరువు ఎలా కాపాడాలా అన్న దగ్గరే నా బుర్ర పరుగెత్తింది.

"ఆ బటన్ నొక్కితే మెషీన్ మీకు పదిహేడు వందల తొంభై వాడినే తెస్తుందండీ. పది ఎత్తుల్లో చుట్టేస్తాడు" అని చెప్పాను.

"నంబరు తగ్గించెయ్. చేతగానివాడు వస్తాడుగా."

"అప్పుడు మాస్టారికి చూపించడానికి నంబరు ఉండదు. నంబరూ ఉండాలి, గెలవాలీ అంటే మెషీన్ ఒప్పుకోదు."

"మెషీన్‌తో పనిలేకుండా కుదరదా?"

కుదురుతుంది. తెలిసినవాళ్ళని పేరు పెట్టి పిలిచి ఆడుకోవచ్చు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. ఆయన నా వైపు చూశారు. "నువ్వు వెనక ఆరో నంబర్లో కూర్చో. వేరే ఐడీతో. మరీ పన్నెండు వందలవాడిని ఓడిస్తే ఏం బాగుంటుంది, కాస్త పెంచి పెట్టు. ఆడపేరు మాత్రం పెట్టకు, అనుమానం వస్తుంది." సరేనన్నాను. ఎంత తొందరగా అన్నానో!

బుడాన్ 64 అని పెట్టాను. చదరంగంలో గళ్ళు అరవై నాలుగు కదా. కొత్త ఐడీల సంగతి మెషీన్‌కి తెలియదు కాబట్టి మొదట్లో గెలిస్తే పెద్ద పెద్ద అంగల్లో పెంచుతుంది. రెండు వారాల్లో పదహారు వందల నలభై దాకా వచ్చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ రెండు వారాలూ ఎందుకు ఆడుతున్నానో మర్చిపోయాను. మా నాన్న పేరు అలా మెట్టు మెట్టు ఎక్కుతుంటే, ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి కూడా కూర మాడిపోతోందన్న ధ్యాస ఉండేది కాదు. "ఉప్పు రెండుసార్లు వేశావు, ఎవడి మీద ఉంది నీ ధ్యాస?" అని మా అత్తగారు కంచం తోసేశారు. సాయంత్రాలు మావారికి ఏ పావు ఎక్కడ పెట్టాలో మొదటి పది ఎత్తులు బట్టీ పట్టించాను. ఆ తర్వాతంతా నేను చూసుకుంటానని ధైర్యం కూడా చెప్పాను.

ఆదివారం పదకొండింటికి మాస్టారూ, శివరామకృష్ణా వచ్చారు. మావారు ఒకటో నంబర్లో కూర్చుంటే వెనక కుర్చీలు వేసుకున్నారు. నేను ప్లైవుడ్ గోడ అవతల ఆరో నంబర్లో. ఆట మొదలయింది. పది ఎత్తులు బాగానే నడిచాయి. పదకొండో ఎత్తుకి ఆయన తన మంత్రిని తీసుకొచ్చి నా ఏనుగు నోట్లో పెట్టారు. ఒక్క క్లిక్ చాలు నాకు. అటు చూడనట్టు మూలన బంటు కదిపాను. మూడు ఎత్తుల తర్వాత మళ్ళీ పెట్టారు! అవతల మాస్టారి గొంతు వినపడింది. "మంత్రి ఊరికే పోతోందే, అవతలాయన చూడట్లేదా?" మావారిని గెలిపించడానికి నేను ఓడిపోతే చాలదు, ఆయనకి గెలవడం రావాలి కదా! ముందున్న గుర్రాన్ని వెనక్కి లాక్కొచ్చి నా రాజుకున్న ఒక్క దారీ నేనే మూసేశాను. అప్పుడు పడింది ఆయన కంట. మంత్రిని తెచ్చి ఎదురుగా పెట్టారు. ఆట కట్టు.

మెషీన్‌కి అందులో వింతేమీ కనపడలేదు. పైవాడు కిందివాడిని ఓడించాడు, అంతే. బుడాన్ 64 దగ్గర ఓ పది పాయింట్లు తీసి ఇషాక్ అద్దంకికి వేసింది. శివరామకృష్ణ చప్పట్లు కొట్టాడు. అప్పుడు నా తెర మీద చాట్ పెట్టెలో అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. మావారు ఒక వేలితో టైపు చేస్తారు, పైకి చదువుతూ. "నీకంటే... మా ఆవిడ... నయం. పోయి... గాజులు... తొడుక్కో." అవతల నవ్వులు. శివరామకృష్ణ పడీ పడీ నవ్వుతున్నాడు. ఎవరికి రాస్తున్నారో ఆయనకి తెలుసు. తెలిసే రాశారు. ఆ మాట మా నాన్న పేరు కింద పడి ఉంది, చెరపడానికి బటన్ లేదు అందులో.

"సాజిదా, టీ!" అన్నారు. తీసుకెళ్ళాను. కాస్త సాసర్లో ఒలికింది. "చూసి ఇవ్వు" అన్నారు. మాస్టారు మాత్రం లేచి టీ పట్టుకుని నా వెనకే ఆరో నంబరు పక్కనున్న నీళ్ళ కుండ దాకా వచ్చారు. ఆరో నంబరు తెర మీద ఓడిన ఆట అలాగే ఉంది. నేను ఆపేయడం మర్చిపోయాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నాకొక్కదానికే వినపడేలా అన్నారు. "ఆ గుర్రాన్ని వెనక్కి తేవడం ఉందే, అది తెలియక చేసే తప్పు కాదమ్మా. చాలా కష్టపడి వెతికి చేసిన తప్పు."

తిట్టినా బాగుండేది. మూడేళ్ళలో నా ఆట చూసి అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయన. ఆయన చూసిన ఆట ఇది! ఒళ్ళంతా మంటెత్తిపోయింది. మావారు ఆడించారని అనుకోవడం తేలిక. కానీ గుర్రాన్ని లాగింది నా చెయ్యి. అత్తగారి దగ్గర, ఆడపడుచుల దగ్గర, ఆయన దగ్గర ఓడిపోయి ఓడిపోయి, చూసేవాళ్ళకి తెలియకుండా ఓడిపోవడంలో ఇంత నేర్పు సంపాదించాను. ఆ నేర్పుకి నంబరు ఇస్తే ఎంత ఇవ్వాలో ఆ మెషీన్‌కి కూడా అంతుపట్టదు.

"ఇంకో ఆట కూడా చూద్దాం" అన్నాడు శివరామకృష్ణ. నా తెర మీద మావారి పిలుపు వచ్చి పడింది, ఇషాక్ అద్దంకి మీతో ఆడాలనుకుంటున్నాడు అని. వచ్చి కూర్చున్నాను. చెయ్యి మౌస్ మీద ఉంది. ఒప్పుకుంటాను అన్నదాని మీదికి బాణం గుర్తు అలవాటుగా వెళ్ళిపోయింది కూడా. అక్కడ ఆపాను. ఆ పెట్టె మూసేసి ఆకుపచ్చ బటన్ నొక్కాను. ఎవరో, ఏ ఊరో, పదహారు వందల ఇరవైవాడు వచ్చి ఎదురు కూర్చున్నాడు. ఆట మొదలయింది.

అవతల మావారు రెండోసారి పిలిచారు, మూడోసారి పిలిచారు. "భయపడి పారిపోయినట్టున్నాడు" అన్నారు. "పోతే పోయాడు, బటన్ నొక్కు బావా, ఎవడో ఒకడు వస్తాడు" అన్నాడు శివరామకృష్ణ. ఎంతసేపని సాకులు చెప్తారు? నొక్కారు. మెషీన్ ఆయన నంబరుకి తగ్గవాడిని తెచ్చింది. కుర్చీ కిర్రుమనడం, ఆయన గొంతు సవరించుకోవడం, శివరామకృష్ణ "అదేంటి, మంత్రి పోయింది!" అనడం వినపడుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆయన ఆట కట్టయింది. నాకు సంతోషం అనిపించలేదు. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి నలుగురిలో తల దించుకుంటే వినడం అంత తేలిక కాదు. సెంటరు పోతుందేమోనన్న భయమూ ఉంది.

"సాజిదా!" అని అరిచారు. "ఓ సాజిదా! ఏం చేస్తున్నావ్ అక్కడ?"

ఆ గొంతులో కోపం ఎంతుందో, బతిమాలడం ఎంతుందో నాకు తెలుసు. లేవబోయాను. నా గడియారం తిరుగుతోంది, అవతలివాడు నా ఎత్తు కోసం కూర్చుని ఉన్నాడు. మొహం మిరప్పొడి జల్లినట్టు మండిపోతోంది. కూర్చునే, ప్లైవుడ్ అవతలికి వినపడేలా అన్నాను.

"ఆడుతున్నానండీ. మాస్టారూ, ఇందాక ఓడిపోయింది నేనే. వచ్చి ఇది చూడండి."