తీర్థమని ఇచ్చిన కషాయం

వెంకటరావమ్మకు దగ్గు పట్టింది. కషాయమంటే ఆవిడ ముఖం తిప్పుకుంటుందని, కొడుకు భావనారాయణ అతిమధురం వేరు మరిగించి, స్వామి ముందుంచి, రోజూ గ్లాసెడు తీర్థమని ఇచ్చాడు. దగ్గు తగ్గినా నెలల తరబడి అది ఇవ్వడం మానలేదు. ఆవిడ కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది.

కొడుకు తీసుకెళ్తే గవర్నర్‌పేటలో డాక్టరు, “బీపీ మాత్రలు కాక ఇంకేమన్నా పుచ్చుకుంటున్నారా?” అని అడిగాడు.

“తీర్థమేనండీ. స్వామికి పెట్టంది మావాడు నాకేదీ ఇవ్వడు,” అంది ఆవిడ మురిపెంగా.

భావనారాయణ తలెత్తలేకపోయాడు. “అది అతిమధురం కషాయమండీ.”

“దగ్గుకి నాలుగు రోజులైతే సరే. ఇన్నాళ్లు తాగితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. బీపీ మనిషికి అసలు పొయ్యకూడదు.”

మర్నాడు అతడు తులసి తీర్థం తెస్తే తల్లి చెయ్యి చాపబోయి ఆగింది.

“ఇవి నీళ్లేనా, నాయనా?”

అతడు ముందు తన చేతిలో పోసుకుని తాగి చూపించాడు.