భక్తి ఫొటో

"మనుషులు కాదయ్యా, భక్తి కనపడాలి" అని ప్రార్థన మందిరం పెద్దాయన పట్టుబడితే ఫొటోగ్రాఫర్‌కి ఒళ్ళు మండింది. ముప్పయ్యేళ్ళుగా "గడ్డం దించండి, నవ్వకండి" అని చెప్పి చెప్పి నోరు అరిగిపోయిన మనిషి. భక్తి ఎక్కడ కనపడుతుంది, వీళ్ళ మొహం! అయినా సరేనన్నాడు. ఆ మందిరంలో అతనికి వేరే పనుంది.

కూతురు పోయి రెండేళ్ళు. అప్పట్నుంచీ భార్య రోజూ సాయంత్రం అక్కడికే వెళ్తోంది. ఇంట్లో ఇద్దరి మధ్య మాటలు "భోంచేస్తారా", "తాళం ఎక్కడ" దగ్గర ఆగిపోయాయి. బిడ్డ పోయింది చాలక, ఈవిడ కూడా తనని వదిలేసి దేవుడి దగ్గరికి వెళ్ళిపోయిందని అతని కడుపుమంట. అక్కడేముందో, ఏం చూస్తుందో తెలుసుకోవాలి. అడుగుదామంటే నోరు పెగలదు.

పాత పెట్టె కెమెరా దుమ్ము దులిపాడు. లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి గంటసేపు తెరిచి ఉంచితే, కదిలినవాళ్ళెవరూ ఫిల్ము మీద నిలవరు. పొగలా చెదిరిపోతారు. కదలనిదే మిగులుతుంది. దేవుడనేవాడుంటే ఆయనొక్కడేగా కదలనివాడు, చూద్దాం ఆయన సంగతీ, అనుకున్నాడు. తన తెలివికి తనకే నీరసంగా నవ్వొచ్చింది.

మందిరంలో వెనక గోడకి ఆనించి కెమెరా పెట్టి, మూత తీసి, పక్కన కుర్చీలో కూలబడ్డాడు. అందరూ అటు తిరిగి లేస్తున్నారు, వంగుతున్నారు, మోకరిల్లుతున్నారు. భార్య చివరి వరుసలో, ఓ మూల. ఆమె వీపు చూస్తుండగానే రెప్పలు వాలిపోయాయి. ప్రార్థన ముగింపు గంటకి ఉలిక్కిపడి లేచి గబుక్కున మూత పెట్టేశాడు. భార్య అప్పటికే చెప్పులేసుకుంటోంది.

మర్నాడు ఫిల్ము కడిగి, చీకటి గదిలో ఎర్రబల్బు కింద కాగితాన్ని మందునీళ్ళలో వేశాడు. ముందు స్తంభాలొచ్చాయి, తర్వాత బెంచీలు. భక్తులంతా మంచులా అలుక్కుపోయారు, ఒక్క మొహమూ లేదు. దేవుడూ లేడు.

"అనుకున్నా" అన్నాడు పైకే.

అప్పుడు మూలన ఒక మనిషి తేలింది. కళ్ళూ ముక్కూ తెలుస్తున్నాయి. భార్యే! అందరూ అటు తిరిగి ఉంటే ఆవిడ ఇటు తిరిగి, బెంచీ మీద చెయ్యానించి, సరిగ్గా అతని కుర్చీ ఉన్నచోటికి చూస్తోంది. దాదాపు గంటసేపూ అలాగే.

కాగితం నల్లబడిపోతున్నా తీయడానికి చెయ్యి ఆడలేదు. ఫొటోకి ఇంకో కాగితం వేసుకోవాల్సి వచ్చింది.

పెద్దాయన ఫొటో చూసి మొహం చిట్లించాడు. "ఈవిడేంటయ్యా, దేవుడికి వీపు పెట్టి? చెరిపెయ్యి."

"మిగతావాళ్ళు ఎలాగూ చెరిగిపోయారు కదండీ. ఈవిడొక్కతే మిగిలింది" అని ఫొటో తీసుకుని వచ్చేశాడు.

ఇంట్లో దాన్ని ఆమె ముందు పెట్టాడు. "ఏంటిది? ప్రార్థనకెళ్ళి నన్ను చూస్తూ కూర్చున్నావా?"

"చూడక చస్తానా! గురకపెట్టి పరువు తీస్తారేమోనని హడలిపోయా."

"పెట్టానా?"

"లేదు." ఆవిడ ఫొటోని దగ్గరికి లాక్కుంది. "రెండేళ్ళయిందండీ మీరు నిద్రపోయి. రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉంటారు. రోజూ అక్కడికెళ్ళి నేనడిగేది అదొక్కటే. ఆరోజు మీకు కన్నంటుకుంటే... చప్పుడైతే లేస్తారేమోనని కదల్లేదు."

అతను ఆమె భుజం మీద తల పెట్టి బావురుమన్నాడు. ఆవిడ కదల్లేదు.