మిరుగం నాటి బొచ్చ

ఆబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో చంద్రిక నడిపే గాలాల షాపు ఉంది. లోపల గోడకు ఒక నల్లబోర్డు. షాపుకు వచ్చేవాళ్లలో ఆ ఏడాది అందరికంటే పెద్ద చేపను ఎవరు పట్టారో వాళ్ల పేరూ చేప బరువూ సుద్దతో రాసి, పక్కన ఫొటో అంటిస్తుంది. లక్ష్మణరావు గారు తొమ్మిదేళ్లుగా ఆ బోర్డును చూస్తున్నారు. ఒక్కసారి కూడా ఆయన పేరు దానిమీదికి ఎక్కలేదు.

ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు భీమవరం దగ్గర, ఇల్లు హిమాయత్‌నగర్లో. చేపలు పట్టడమంటే ఆయనకు ఒకే ఒక్క చేపను పట్టడం. పది కిలోలకు తగ్గింది ఆయన లెక్కలో చేప కాదు. తవుడు, బెల్లం, వేయించిన శనగపిండి కలిపి నిమ్మకాయంత ముద్ద చేసి, లావు దారం కట్టిన గాలానికి పట్టించి నీళ్లలోకి విసిరి కూర్చుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ల మీద తేలే బెండు కదలకపోయినా విసుగు రాదు. పొరపాటున చిన్న చేప తగిలితే, రాంగ్ నంబర్ ఫోన్ పెట్టేసినట్టు, మర్యాదగా నీళ్లలోకి వదిలేస్తారు. అందుకని తొమ్మిదేళ్లలో ఆయన ఇంటికి ఒక్క చేపా రాలేదు. భార్య కమలకుమారి గారు ప్రతి వారం బజార్లోనే కొనుక్కునేవారు. పక్కింటివాళ్లు అడిగితే, "మా వారు చేపల్ని చూడ్డానికి వెళతారండీ" అనేవారు.

ఆయనతో పాటు వెళ్లే దుర్గయ్యది పూర్తిగా వేరే పద్ధతి. నాంపల్లి స్టేషన్ ఎదురు గల్లీలో టైలర్ షాపు. నాగర్‌కర్నూల్ వైపు పల్లె నుంచి తండ్రి కూలి పనికి వచ్చినప్పుడు ఆయన వెంట పట్నం చేరినవాడు. దుర్గయ్య బెండు అయిదు నిమిషాలు కదలకపోతే తట్టుకోలేడు, లేచి చోటు మారుస్తాడు. చిన్న గాలం, సన్న దారం, ఎర్రలు. జిలేబీ చేపలు ఒకదాని వెనక ఒకటి లాగి సంచిలో వేస్తాడు. అతనికి సంచి నిండాలి, గల్లీలో పంచాలి.

"సార్, ఒక్క చేపను తీస్కపోయి ఎవరికి పెడ్తం? ఎవరికి పెట్టకపోతం?" అని అడుగుతాడు.

"పెట్టడానికి కాదయ్యా పట్టేది. ఒక పెద్ద చేప దారం అవతల ఉందంటే ఆ సంగతే వేరు" అంటారు లక్ష్మణరావు గారు.

"మీరు చూసిన్రా ఎన్నడన్న?"

"చూస్తాను."

ఆరేళ్లుగా ఇదే మాట. నెలకు రెండు ఆదివారాలు లక్ష్మణరావు గారి పాత కారులో చేవెళ్ల అవతల ఒక చెరువుకు పోయి, మత్స్యకారుల సంఘం దగ్గర టికెట్ తీసుకుని, పదడుగుల దూరంలో కూర్చుని ఇదే వాదన పెట్టుకుంటారు. చంద్రిక ఒకసారి అంది, "అంకుల్, మీరూ కాకా ఒకటే చెరువుకు పోతరు గని ఒకటే పనికి పోరు."

ఈసారి మిరుగం ఆదివారం పడింది. మృగశిర కార్తె మొదలైన రోజు హైదరాబాదులో చేప కూర వండని ఇల్లు ఉండదు. నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్ వైపు, ఉబ్బసానికి వేసే చేప మందు కోసం వచ్చిన జనం ముందురోజు నుంచే బారులు తీరారు. బజార్లో చేప దొరకడమే కష్టం. బళ్లు తెరిచే రోజులు కావడంతో దుర్గయ్య షాపులో యూనిఫాంలు కుప్పగా ఉన్నాయి. అయినా గల్లీలో పద్దెనిమిది ఇండ్లకు మాట ఇచ్చేశాడు. "మిరుగం నాడు మీరెవ్వరు బజార్కు పోకున్రి, చేపలు నేను తెస్త." అతని భార్య పూలమ్మ అప్పుడే అంది, "నీ నోరు ఊకోదు కదా. చేపలు పడకపోతె మొకం యాడ పెట్టుకుంటవు?"

పొద్దున ఆరుకల్లా చెరువు గట్టు మీద ఉన్నారు. రాత్రి పడ్డ వానకు నీళ్లు ఎర్రబారి ఉన్నాయి. ఏడున్నరకు దుర్గయ్య సంచిలో పది పన్నెండు జిలేబీలు చేరాయి. అతనికి రెండు రాడ్లు. ఎర్రలు తొందరగా అయిపోతున్నాయని రెండో రాడ్డుకు లక్ష్మణరావు గారిని కొంచెం పిండి అడిగాడు. ఆయన చిటికెడు ఇచ్చారు. దుర్గయ్య దాన్ని గాలానికి గుచ్చి నీళ్లలో వేసి, రాడ్డు రాయికి ఆనించి, మొదటి రాడ్డు వైపు తిరిగాడు.

రాడ్డు రాయి మీద నుంచి జారి నీళ్లలోకి పోతుంటే ముందు చూసింది లక్ష్మణరావు గారు. "దుర్గయ్యా, రాడ్డు" అన్నారు. దుర్గయ్య మోకాళ్ల లోతు నీళ్లలోకి దూకి దాన్ని పట్టుకున్నాడు. పట్టుకోగానే అతని మొహం మారింది. రాడ్డు విల్లులా వంగింది, రీలులోంచి దారం గిర్రున పోతోంది.

"సార్, ఇదేంది, బర్రె తగిలినట్టున్నది."

"లాగకు. పోనీ. దారం సన్నది, లాగితే తెగుతుంది. అది పోతే పోనిచ్చి, ఆగినప్పుడు చుట్టుకో."

పది నిమిషాలైంది. చేప చెరువు మధ్యకు పోయి అక్కడ బండరాయిలా ఆగింది. మళ్లీ కదిలింది. ఇంకో పది నిమిషాలు. మొదటి రాడ్డు బెండు మునిగి తేలుతోంది, అక్కడ జిలేబీలు ఎర తినేసి పోతున్నాయి. దుర్గయ్య కళ్లు అటే ఉన్నాయి.

"సార్, గిది తెమిలేట్టు లేదు. పొద్దుగాల పూటనే చేపలు తింటయి, ఎండ ఎక్కితె ఒక్కటి పడది. పద్దెనిమిది ఇండ్లోల్లు చూస్తుంటరు. నేను తెంపేస్త."

జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీశాడు. లక్ష్మణరావు గారు నీళ్లలోకి దిగి అతని మణికట్టు పట్టుకున్నారు. బూట్లు విప్పలేదన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

"తెంపావంటే జన్మలో నీతో మాట్లాడను."

"మరి నా చేపలు ఎవలు పట్టాలె?"

"నేను పడతాను."

"మీరా? జిలేబీలా?"

"ఆ కత్తెర లోపల పెట్టు."

ఆయన వెళ్లి దుర్గయ్య ముక్కాలి పీట మీద కూర్చున్నారు. ఎర్రల డబ్బా మూత తీసి ఒక్క క్షణం మొహం పక్కకు తిప్పుకుని, ఆ తర్వాత ఒకదాన్ని పట్టుకుని గాలానికి గుచ్చారు. బెండు నీళ్లలో పడిందో లేదో మునిగింది. లాగారు. అరచేయంత జిలేబీ. అలవాటు కొద్దీ చేయి నీళ్ల వైపు పోయింది.

"సార్, సంచిల ఎయ్యున్రి" అని అరిచాడు దుర్గయ్య.

అలా ఇద్దరి పనీ తారుమారైంది. ఆయన ఒక కంటితో బెండును, ఒక కంటితో ఆ వంగిన రాడ్డును చూస్తూ, "కుడివైపు నడువు. అక్కడ తుంగ ఉంది, అందులోకి పోనీకు. ఇప్పుడు చుట్టు. చాలు, చాలు" అని చెబుతూనే ఎర్ర గుచ్చడం, లాగడం, సంచిలో వేయడం. దుర్గయ్య మెడ మీద చెమటలు కారుతున్నాయి. భుజం గుంజేస్తోంది. "ఇంక ఎంతసేపు సార్" అని అడిగినప్పుడల్లా "వస్తోంది" అంటారాయన. మధ్యలో ఒకసారి దుర్గయ్య తిరిగి చూస్తే, ఆయన జిలేబీని గాలం నుంచి విడదీస్తూ తనలో తాను నవ్వుకుంటున్నారు.

గంట దాటాక చేప పైకి తేలి పక్కకు ఒరిగింది. బొచ్చ. పెద్ద తల, ఎండలో మెరిసే పొలుసులు. లక్ష్మణరావు గారు చేతి వల తీసుకుని నడుము లోతు నీళ్లలోకి దిగి దాన్ని తల వైపు నుంచి వలలోకి తీసుకున్నారు. ఇద్దరూ కలిసి గట్టు మీదికి చేర్చి, దాని పక్కనే కూలబడ్డారు.

"గింతది సార్" అన్నాడు దుర్గయ్య. అతని గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది.

పదకొండింటికి ఆబిడ్స్ చేరారు. ఆదివారం పాత పుస్తకాల వాళ్లు ఫుట్‌పాత్ నిండా పరిచి ఉన్నారు. ఇద్దరూ చేపను గోనె పట్టాలో మోసుకుంటూ వాటి మధ్య నుంచి నడుస్తుంటే, పుస్తకాలు తిరగేస్తున్న వాళ్లు సగం మంది వెంట వచ్చేశారు. చంద్రిక కొక్కెం కాటాకు వేలాడదీసింది. పదహారు కిలోలు. ఆ ఏడాదికే కాదు, బోర్డు పెట్టినప్పటి నుంచి అంత పెద్దది లేదు.

"కాకా, జర ఇటు నిలబడు. ఫొటో తీస్త" అంది చంద్రిక.

దుర్గయ్య చేపను లక్ష్మణరావు గారి చేతుల్లో పెట్టబోయాడు. "సార్ను తియ్యి బిడ్డా. పిండి సార్ది, చెప్పింది సారు, వలల పట్టింది సారు. నాకేం తెల్సు?"

లక్ష్మణరావు గారు వెనక్కి తగ్గారు. "నా గాలానికి పడని చేపతో నేను ఫొటో దిగను. నిలబడు నువ్వు." మాట కొంచెం కటువుగానే వచ్చింది. చంద్రిక ఫోన్ ఎత్తి పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దుర్గయ్య ఒక్కడే నిలబడ్డాడు. ఫొటోలో అతని మొహం పాస్‌పోర్టు ఫొటోలో మొహంలా ఉంది. చాయ్ చెప్పే లోపే లక్ష్మణరావు గారు, ఇంట్లో పనుందని బయల్దేరారు. ఆయన కారు డిక్కీలోంచి తన సంచి తీసుకుంటూ, దుర్గయ్య అందులోని ఒక డజను జిలేబీలను ఆయన సామాను బుట్టలోకి చప్పుడు కాకుండా జార్చాడు.

నాంపల్లి గల్లీలో పూలమ్మ ఆ బొచ్చను చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "దీన్ని దేనితోని కొయ్యాలయ్యా? నా కత్తిపీట దీని తోక అంత లేదు." చివరికి గల్లీ మూల మటన్ కొట్టు రవిచంద్ర మొద్దు మీద ముక్కలు కొట్టించారు. ఇంటింటికీ పులుసుకు పెద్ద ముక్కలు, వేపుడుకు జిలేబీలు పోయాయి. ముసలమ్మలు మాత్రం పెద్ద చేప ముక్క పీచు పీచుగా ఉందని, చిన్నవాటికే రుచి ఎక్కువని తేల్చారు. దుర్గయ్యకు ఆ మాట ఎంతో తృప్తిగా అనిపించింది. సారుకు ఫోన్ చేసి చెప్పాలనుకుని, ఆయన చాయ్ కూడా తాగకుండా పోయిన తీరు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

హిమాయత్‌నగర్లో కమలకుమారి గారు బుట్ట తెరిచి, ఒక చేపను పైకెత్తి చూశారు.

"ఏవండీ, ఇవి మీరు పట్టినవేనా?"

లక్ష్మణరావు గారు తొంగి చూశారు. ఆ చేపలు బుట్టలోకి ఎలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. "నేను పట్టినవే" అన్నారు నెమ్మదిగా.

ఆవిడ వాటిని తోమి, చింతపండు గుజ్జులో మామిడికాయ ముక్క వేసి పులుసు పెట్టారు. పక్కింటికి ఒక గిన్నె పంపుతూ, "మా వారు పట్టారు" అని చెప్పడం ఆయన చెవిన పడింది. ఆ గొంతులో ఉన్న సంబరం విని, తొమ్మిదేళ్లుగా నీళ్లలోకి వదిలేసినవన్నీ గుర్తొచ్చి, అన్నం ముందు కూర్చున్న మనిషి తలెత్తలేకపోయారు.

మంగళవారం పొద్దున ఆయన నాంపల్లి వెళ్లారు. దుర్గయ్య షాపు తెరిచే ఉంది కానీ మిషన్ ముందు పూలమ్మ ఉంది. దుర్గయ్య కుడి భుజానికి కట్టుతో బల్ల మీద కూర్చున్నాడు.

"చెయ్యి లేస్తలేదు సార్. నరం గుంజిందన్నరు దవాఖానల. కుట్లు పూలమ్మ ఏస్తది. గుండీలు, కాజాలు ఇంక ముప్పై అంగీలకు ఉన్నయి. ఎల్లుండి బళ్లు తెరుస్తరు."

లక్ష్మణరావు గారు చొక్కా చేతులు మడిచారు. "సూదీ దారం ఇవ్వు."

"మీకు వస్తదా?"

"తొమ్మిదేళ్లుగా గాలాలు కట్టుకుంటున్నాను. గుండీ కట్టలేనా?"

కాజాలు పూలమ్మ చూసుకుంటానంది. ఆయన గుమ్మం పక్కన స్టూలు వేసుకుని గుండీలు మొదలుపెట్టారు. ఒక్కో గుండీకి ఆయన తీసుకున్న సమయం చూసి పూలమ్మకు నవ్వొచ్చింది కానీ, కుట్టింది చూశాక నోరు మూసుకుంది. నాలుగో అంగీ దగ్గర ఆయన తల ఎత్తకుండానే అన్నారు.

"నాకు ఆదివారం కుళ్లు పుట్టింది దుర్గయ్యా."

"తెల్సు సార్. చాయ్ తాగకుండ పోయిన్రు."

"చిత్రమేంటంటే, అది నీళ్లలో ఉన్నంతసేపూ పుట్టలేదు. అప్పుడు అది నీదా నాదా అన్న ఆలోచనే లేదు. కాటాకు ఎక్కించాక పుట్టింది."

దుర్గయ్య భుజం కట్టు సవరించుకున్నాడు. "నాకైతె గా గంటల మస్తు భయమైంది సార్. ఒక్కదాని మీద గింత పానం పెట్టుడు నాతోని కాదు. అది తెగిపోతదేమో అని నా గుండె ఆగినంత పనైంది. మీరు తొమ్మిదేండ్ల సంది అట్లనే కూసుంటున్నరా?"

"అలాగే కూర్చుంటున్నాను."

"మల్ల కూసుంటరా?"

"కూర్చుంటాను. అలాంటిది అక్కడ ఉందని ఇప్పుడు కళ్లారా చూశాను కదా." ఆయన దారం కొరికి, ఇంకో గుండీ తీసుకున్నారు. "కానీ పక్కన చిన్న రాడ్డు ఒకటి వేస్తాను. మా ఆవిడ ఆర్డరు. డజనుకు తక్కువ తెస్తే లోపలికి రానివ్వనంది."

"ఆమెకు నచ్చినయా సార్?"

"వీధంతా పంచింది. నేనే పట్టానని ఇంటింటికీ చెప్పింది."

దుర్గయ్య మొహం వికసించింది. "మా గల్లీల ముసలోల్లు గూడ పెద్దదాని కంటె జిలేబీలే బాగున్నయన్నరు. చెప్తె మీరు నమ్మరని ఊకున్న."

"నమ్ముతాను. తిన్నాను కదా."

పూలమ్మ మిషన్ ఆపి, ఇద్దరికీ చాయ్ చెప్పి రమ్మని భర్తను బయటికి పంపింది.

గురువారం పొద్దున సౌభాగ్య అనే ఆమె తన బిడ్డ యూనిఫాం తీసుకోవడానికి వచ్చి, అంగీ గుండీని పట్టుకుని లాగి చూసింది. ఇంకోసారి గట్టిగా లాగింది. "ఏంది దుర్గయ్యన్నా, ఇవి ఊడేట్టు లేవు. నిరుడు నెల తిరగక ముందే అన్ని రాలిపాయె."

దుర్గయ్య అంగీ తిప్పి లోపలి వైపు చూశాడు. ప్రతి గుండీ వెనకా గాలానికి వేసే ముడి. ఏడు చుట్లు, ఒక మెలిక. పదహారు కిలోల చేప గుంజినా జారని ముడి.

"ఊడవమ్మా" అన్నాడు. "పొల్ల పెద్దదై అంగీ పొట్టిదైతె, గుండీలు మాత్రం కోసి తెచ్చియ్యి. మల్ల కుడ్త."