టైలరమ్మ ఎత్తు

టైలరమ్మకి తన కుట్టు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అందుకే, తను కుట్టుకున్న పొడుగు గౌను ముందువైపు నేలని ఊడుస్తూ వెనకవైపు పిక్కల దాకా లేచిపోతుంటే, లోపం తనలో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ముందు గుడ్డని తిట్టింది. తర్వాత మిషన్‌ని తిట్టింది. చివరికి ఇస్త్రీ చేసిన పాపానికి మొగుణ్ణి తిట్టింది.

"గౌను బాగానే ఉందక్కా. నువ్వే వంగిపోయావు," అంది తోడికోడలు పైవాటా మెట్లు దిగుతూ. బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన మనిషి. దొంగనోటుని పట్టినంత తేలిగ్గా ఎదుటివాళ్ళ లోపాన్ని పట్టేస్తుంది.

"వంగింది నేను కాదు, నీ చూపు," అంది టైలరమ్మ.

వీళ్ళిద్దరి మధ్య ఎత్తు గొడవ పాతదే. పెళ్ళినాటికి పెద్దకోడలి చెవి దాకా వచ్చేది చిన్నకోడలు. అటక మీది డబ్బా దించాలన్నా, కిటికీ పై గడియ వెయ్యాలన్నా ఇంట్లో అందరూ పెద్దావిణ్ణే పిలిచేవారు. ఆ పిలుపులను ఆవిడ పతకాల్లా దాచుకుంది. ఇప్పుడేమో ఎదురెదురుగా నిలబడితే కళ్ళూ కళ్ళూ కలుస్తున్నాయి. అంత చనువు ఇద్దరికీ ఇష్టం లేదు.

ఒకరోజు కొట్లో గుడ్డల మూట ఎత్తబోతే నడుములో ఏదో కటుక్కుమంది. ఎముకలు గుల్లబారాయనీ, వెన్నులో ఒక పూస నలిగిందనీ డాక్టరు ఫొటో తీసి చూపించాడు. మందులు రాశాడు, మంచానికి అప్పగించాడు. నొప్పి తగ్గాక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపాడు. ఏ నడుంపట్టీయో ఇస్తుందనుకుంటే, ఆ పిల్ల రెండు పొడుగాటి కర్రలు తెచ్చి చేతుల్లో పెట్టింది.

"నేనింకా కర్ర పట్టే ముసలిదాన్ని కాలేదమ్మా. అందులోనూ రెండా?"

"ఒక్కటైతే దానిమీదకి ఒరిగిపోతారు. రెండైతే ఒరగడానికి పక్కంటూ ఉండదు, నిటారుగా ఉండాల్సిందే. కుడికాలితో ఎడమ కర్ర, ఎడమకాలితో కుడి కర్ర. చూపు నేలమీద కాదు, ముందుకి."

"ఇలా నడిస్తే నా ఎత్తు నాకొచ్చేస్తుందా?" అసలు సంగతి అడిగింది టైలరమ్మ.

"నలిగిన పూస మళ్ళీ లేవదండీ. పోయిన ఎత్తు పోయినట్టే. కాకపోతే ఉన్న ఎత్తుని కూడా మీరు మడిచి దాచుకుంటున్నారు. ముందు ఆ మడత విప్పండి."

కొలతలకి వచ్చిన ప్రతివాళ్ళనీ "నిటారుగా నిలబడవయ్యా" అని కసిరి కసిరి బతికిన మనిషికి, మడతలు విప్పుకోమని ఒక చిన్నపిల్ల చెప్పడం! అయినా కర్రలు తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే కర్రలతో వీధిలోకి దిగింది. వీధి ఎన్నాళ్ళనుంచో పనిలేక చస్తున్నట్టుంది, ఒక్కసారిగా అందరికీ పని దొరికింది.

"మంచు ఎక్కడ పడిందమ్మా, జారడానికి రెండు కర్రలేసుకుని బయల్దేరావు?" అన్నాడు మందులషాపాయన. ఎదురింటి మేష్టారు గేటు పట్టుకుని ఎముకల మీద ఉపన్యాసం ఇచ్చాడు. గేటు వదిలితే ఆయన నిలబడలేడు, అది వేరే సంగతి. మొగుడు తోడు వచ్చాడు. అంటే, ఎవరైనా చూస్తే వేరే పనిమీద వెళ్తున్నాడేమో అనుకునేంత దూరంలో వచ్చాడు. కుడికాలూ కుడి కర్రా కలిసి లేవడంతో టైలరమ్మ గోడగడియారం లోలకంలా అటూ ఇటూ ఊగింది.

"దేవుడిచ్చిన రెండు కాళ్ళూ చాల్లేదా అక్కా?" బాల్కనీలోంచి తోడికోడలు. "ఆ కొత్తవాటికి కూడా మేజోళ్ళు కుట్టుకో!"

"ముందు నీ నోరు కుడతా, ఉండు!"

ఆ కోపమే మందుకన్నా బాగా పనిచేసింది. రోజూ దిగింది. నెమ్మదిగా చేతులూ కాళ్ళూ రాజీపడ్డాయి. భుజాలు వెనక్కి వెళ్ళాయి, గడ్డం లేచింది. ఒక ఉదయం తన కొట్టు ముందుకి వచ్చి తల పైకెత్తి చూస్తే, బోర్డులో 'టైలర్' అన్న మాటకి మొదటి అక్షరం లేదు.

"ఏమండీ, ఇది ఎప్పుడు ఊడింది?"

"చాన్నాళ్ళయింది," అన్నాడు మొగుడు దూరం నుంచే. "నువ్వు చూసే ఉంటావనుకున్నా."

ఏళ్ళ తరబడి 'లర్'గా బతుకుతున్న సంగతి వీధి మొత్తానికి తెలుసు, తనకి తప్ప.

కొన్నాళ్ళకి నడక చూపించుకోవడానికి మళ్ళీ ఫిజియోథెరపీకి వెళ్ళింది. బల్లమీద కూర్చుంటే తెర వెనకనుంచి తెలిసిన గొంతు వినబడింది.

"ఇవి పట్టుకుని ఆ వీధిలో నడిచానంటే మా అక్క ముందు తలెత్తుకోలేనమ్మా."

"తలెత్తుకోవడానికేనండీ ఇవి," అంది ఆ పిల్ల.

టైలరమ్మ తెర లాగేసింది. చేతిలో రెండు కర్రలతో తోడికోడలు! గోడవారన ఖాళీ కర్టెన్‌రాడ్డు సంచి పడుంది. కర్రలు దాచి తెచ్చుకున్నది అందులోనే.

"ఎప్పట్నించి?" అంది టైలరమ్మ.

"నా ఎముకలూ గుల్లబారాయని నీకంటే ముందే బయటపడింది. పోయినేడు మణికట్టు విరిగింది చూడు, అప్పుడు."

"మరి నన్నెందుకే అంత ఏడిపించావ్?"

తోడికోడలు కర్ర చివరి రబ్బరు బుడిపె కేసి చూసింది. "అందరూ నిన్ను చూస్తుంటే నన్నెవరూ చూడరని."

జన్మకి సరిపడా దెప్పుళ్ళు టైలరమ్మ నాలుక చివర వరస కట్టాయి. అయినా దగ్గరికెళ్ళి, చంక దగ్గర గుడ్డ ముడతల్ని చూసినట్టు ఆవిడ భుజాల్ని చూసింది. "కర్రలు పొడుగెక్కువ పెట్టుకున్నావు. భుజాలు చెవుల్లోకి లేస్తున్నాయి."

"నేనూ ఇప్పుడే అదే చెప్పానండీ," అంది ఆ పిల్ల. "వింటేగా!"

మర్నాడు వీధిలోకి నాలుగు కర్రలు దిగాయి. మందులషాపాయన నోరు తెరిచాడు. ఇద్దరూ ఒకేసారి తల తిప్పి చూసేసరికి, లోపల ఏదో సర్దే పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

"నేల చూడకు!" అంది టైలరమ్మ.

"చూడకపోతే గుంటలో పడతా."

"పడకు. లేపడానికి నా నడుం ఒప్పుకోదు."

మలుపు దాకా వచ్చేసరికి తోడికోడలికి ఆయాసం వచ్చింది. ఆగుదామని అడగడానికి అభిమానం. టైలరమ్మ బట్టల దుకాణం అద్దం ముందు ఠక్కున ఆగిపోయి, లోపలి బొమ్మకి తొడిగిన కోటుని తిట్టడం మొదలుపెట్టింది. కాలరు దండగన్నది, చేతులు వంకరన్నది, కుట్టినవాడికి కళ్ళే లేవన్నది. తోడికోడలి ఊపిరి కుదుటపడేదాకా తిట్టింది. ఆ కోటు చాలా బాగా కుట్టారు.