మూడో ఆదివారం అభ్యంతరం

రేపల్లె మిషన్ స్కూల్లో సరోజిని పాఠం చెబుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా ఎక్కాలు వచ్చేస్తాయని జనం వేళాకోళం చేసేవాళ్లు. ఆమె ఏమీ అనుకునేది కాదు. పంతులమ్మ అన్నాక ఆ మాత్రం గొంతు ఉండాలి మరి.

ఆ గొంతు విన్నాకే మిషన్ వాళ్లు ఆమెకి సినిమా పని అప్పజెప్పారు. సినిమా అంటే తెనాలి హాళ్లలో ఆడేవి కావు. వాటి పక్కనుంచి నడిచినా ఆత్మకి మసి అంటుతుందని ఆమె తండ్రి, పాస్టరు సంజీవరావు, ప్రసంగాల్లో ఏకిపారేసేవాడు. ఇది భక్తి సినిమా. ఎక్కడో విదేశంలో ఒక రైతు కూతురూ ఒక డాక్టరూ ప్రార్థనలు చేసుకుంటూనే ప్రేమించుకుని, పెద్దల దీవెనతో గుళ్లో పెళ్లాడతారు. మాటలన్నీ ఇంగ్లీషు. అందుకని సౌండు తగ్గించి, తెర పక్కన మైకు పెట్టి, తెలుగులో అప్పటికప్పుడు చెప్పాలి. ఆ తెలుగు రాసింది సంజీవరావే. ఆడవాళ్ల మాటలు సరోజినివి. మగవాళ్ల మాటలన్నీ ప్రొజెక్టరు నడిపే బాపట్ల వరప్రసాదానివి.

మూడేళ్లు కొల్లూరు, కొలకలూరు అనకుండా ఊరూరా తిరిగారు. బస్సులో ఇద్దరి మధ్యా సంజీవరావు అడ్డుగోడలా కూర్చునేవాడు. "మైకు కాస్త దగ్గరగా పెట్టుకోండి" అన్నది తప్ప వరప్రసాదం ఆమెతో సొంతమాట ఒక్కటీ అనలేదు. తెర మీద డాక్టరు మాత్రం అతని గొంతుతో "మీరు లేనిది ఇల్లెలా అవుతుందండి?" అనేవాడు. అది రాసింది నాన్నేనని తెలిసినా సరోజిని చెవులు వేడెక్కేవి. వరప్రసాదమంటే ఆమెకి ప్రాణం. అతని మనసులో ఏముందో దేవుడికే తెలియాలి.

1972 వేసవిలో సంజీవరావు ఆమెకి సంబంధం ఖాయం చేసేశాడు. సంఘ పెద్ద గురునాథం కొడుకు బర్నబాస్, తెనాలిలో రైల్వే గుమాస్తా. వంక పెట్టడానికి లేని మనిషి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుళ్లో ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమనడం ఆచారం. మూడోసారీ ఎవరూ నోరెత్తకపోతే ఇక ఆ పెళ్లి ఆగదు. మొదటి రెండు ఆదివారాలూ సరోజిని తల వంచుకుని కూర్చుంది. ఆ ప్రశ్న సంఘంవాళ్లకే గాని పెళ్లికూతురికి కాదని అందరిలాగే ఆమె కూడా అనుకుంది.

శనివారం సాయంత్రం తెనాలిలో ఆట. తెర మీద తండ్రి తన కూతుర్ని చూశాడు. "నీకిష్టమేనా అమ్మా? నిన్నడక్కుండా నేను మాటివ్వను" అని వరప్రసాదం మైకులో చెప్పాడు. తెర మీద పిల్ల పెదవులు కదిలాయి గాని సరోజిని నోరు పెగల్లేదు.

"చెప్పవే తల్లీ!" అని ముందు వరసలో ఒక ముసలమ్మ అరిచింది. జనం నవ్వారు. సరోజిని ఎలాగో "ఇష్టమే" అంది. ఇంటికొచ్చేదాకా ఆమెకి ఒకటే ఉక్రోషం. పరాయి పిల్లకి అంత మంచి ప్రశ్న రాసిన నాన్న, కన్నకూతుర్ని అడగడం మర్చిపోయాడు.

మర్నాడు గుళ్లో సంజీవరావు మూడోసారి పేర్లు చదివి, "అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలి" అన్నాడు.

"నాకుందండి" అని సరోజిని లేచి నిలబడింది.

గుడి గుడంతా ఆమె వైపు తిరిగింది. "నీ పెళ్లికి నువ్వే అడ్డు చెప్పడమేంటమ్మా? కారణం ఉండాలి కదా!" అన్నాడు గురునాథం.

"ఉందండి బాబాయ్. నన్నెవరూ అడగలేదండి."

సంజీవరావు మొహం జేవురించింది. "కూర్చో" అన్నాడు.

"అడిగితే కూర్చుంటానండి నాన్నగారూ. నిన్న ఆ సినిమాలో తండ్రి చేత అడిగించింది మీరే కదా?"

పాతికేళ్లుగా ఆయన ఆ ప్రకటన చదువుతున్నాడు. జవాబు రావడం ఇదే మొదలు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. చివరికి పాస్టరులా కాక తండ్రిలా, "నీకిష్టమేనా అమ్మా?" అని అడిగాడు.

"లేదండి. బర్నబాస్ గారు మంచివారు. మొదటి ఆదివారమే చెప్పకపోవడం నా తప్పేనండి. నాకు వరప్రసాదం గారంటే ఇష్టం. ఆయనకి నేనంటే ఇష్టమో కాదో మీరెళ్లి కనుక్కోండి."

గురునాథం ఏదో అనబోయాడు. బర్నబాసే లేచి, "ఇష్టం లేని పెళ్లి నాకూ వద్దండి" అని మర్యాదగా కూర్చున్నాడు.

సోమవారం సంజీవరావు బాపట్ల వెళ్లాడు. సాయంత్రం బండికి సరోజిని స్టేషన్‌కి వచ్చి నిలబడింది. అతను కాదన్నా తల ఎత్తుకునే ఇంటికెళ్లాలని గట్టిగా అనుకుంది.

"అడిగారా?" అంది.

"అడిగాను. ఇష్టమని నోటితో అనలేదమ్మా, రీళ్లూ మిషన్ ఉత్తరాలూ తెచ్చి చూపించాడు. ఆ సినిమా ఏడాది కిందటే అరిగిపోయిందట. మాటలన్నీ తెలుగులోనే ఉన్న కొత్త సినిమా పంపిస్తాం, ఇక మైకులో ఎవరూ చెప్పనక్కర్లేదని మిషన్ వాళ్లు మూడు ఉత్తరాలు రాశారట. ఇతనే వద్దు వద్దంటూ, తెగిన చోటల్లా అతికించుకుంటూ ఇన్నాళ్లూ తిప్పుతున్నాడు."

సరోజిని రెండు చేతులతో మొహం కప్పుకుని, సంతోషం పట్టలేక ఆ ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేసింది.