బంతి గుర్తుకు దోహా ప్రచారం

ఊళ్లో సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయిందని తెలిసిన దగ్గర్నుంచీ పోశన్న కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఉన్నది దోహాలో, మెసైమీర్ పక్క క్యాంపులో. నామినేషన్ వేసిందేమో జగిత్యాల దిక్కునున్న ఊళ్లో అతని భార్య భూమవ్వ. ఆ తేడా మీకూ నాకూ తెలుస్తుంది గానీ పోశన్నకు తెలిస్తేగా! భార్య గెలిస్తే ఊరినేలేది మొగుడే కదా, అంతటా జరిగేది అదే కదా అని అతని ధీమా. పోస్టర్ మీద ఆమె బొమ్మ చిక్కుడు గింజంత, తన బొమ్మ గుమ్మడికాయంత వేయించాడు.

దానికి తోడు గుర్తులు పంచితే భూమవ్వకు బంతి వచ్చింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది! పోశన్న ఇనుప సలాకలు కట్టేది ఫుట్‌బాల్ వరల్డ్ కప్ స్టేడియానికే మరి.

"దేవుడే రాసిండు భాయ్!" అని గంతేశాడు.

రోజూ డ్యూటీ దిగగానే హెల్మెట్ కూడా తీయకుండా, దూరంగా స్టేడియం కనబడేలా నిలబడి వీడియో తీయించుకుని ఊరి వాట్సాప్ గ్రూపులో పడేసేవాడు. తీసేది రూమ్మేట్ ఇక్రాముద్దీన్, హైదరాబాద్ నుంచి వచ్చిన డ్రైవర్. మొదటి వీడియోలో ఇంటింటికీ నల్లా అన్నాడు. లైకులు పడ్డాయి. రెండోదాంట్లో డబుల్ రోడ్డన్నాడు. ఇంకా పడ్డాయి. కల్లు మత్తు పొద్దునకైనా దిగుతుంది, లైకుల మత్తు దిగదు. మూడోదాంట్లో నోరు జారనే జారాడు.

"బంతికి ఓటేస్తే ఇసొంటి స్టేడియం మనూర్ల కడ్త! ఏసీతోని!"

పెద్దవాళ్లు నవ్వి ఊరుకున్నారు. పిల్లలు ఊరుకుంటారా? తల్లుల సెల్‌ఫోన్లు గుంజుకుని ఆ వీడియో చూసి చూసి, గడ్డపారలు పట్టుకుపోయి మక్క చేనులో గోల్ పోస్టులు పాతారు. ఆ చేను ఎవరిదనుకున్నారు? భూమవ్వ మీద పోటీ చేస్తున్న మాలతిది! మాలతి మనుషులు మైకు పట్టుకుని దంచేశారు.

"భూమవ్వకేస్తే గల్ఫ్‌ల ఉన్నోని చేతిల ఊరు పెట్టినట్టే! నల్లా పలిగితే ఆయన ఫోన్లకెల్లి చెయ్యిపెట్టి బాగుచేస్తడా?"

ఓట్లు జారడం మొదలైంది. భూమవ్వ ఫోన్ చేసి మొత్తుకుంది.

"నీకు పుణ్యముంటది, ఇగ బంద్ చెయ్యి. ఇట్లనే అయితే ఓడిపోత. ఇన్నేండ్లు మహిళా సంఘం నడిపినదాన్ని, నా ఓట్లు నన్ను అడుక్కోనియ్యి."

"నీకేం తెల్వదే. శుక్రారం ఆఖరి మీటింగ్ నేను చూస్కుంట," అని పెట్టేశాడు.

శుక్రవారం క్యాంప్ మేడ మీద ఇస్త్రీ చొక్కాతో పెళ్లికొడుకులా నిలబడ్డాడు. అక్కడ ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు పెద్ద టీవీ పెట్టి, ఐమోలో వీడియో కాల్ కలిపారు. బట్టలు ఆరేసుకుంటున్న నేపాలీలు కూడా వచ్చి కూర్చున్నారు.

"యల్లా భాయ్, షురూ!" అన్నాడు ఇక్రాముద్దీన్.

పోశన్న అందుకున్నాడు. కాసేపటికి అటునుంచి చప్పుడు ఆగిపోయింది, నెట్ సంగతి తెలిసిందే కదా అనుకున్నాడు. బొమ్మలో మాత్రం జనం చప్పట్లు కొడుతున్నారు, తువ్వాళ్లు ఎగరేస్తున్నారు. ఇక పోశన్నను పట్టగలమా! గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేపాలీలు ఈలలు వేశారు.

సాయంత్రం ఎవరో ఆ మీటింగ్ వీడియో గ్రూపులో పెట్టారు. టీవీలో పోశన్న చేతులు ఊపుతూ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట లేదు! టీవీ సౌండూ, కాల్‌లో ఊరి చప్పుడూ రెండూ బంద్ చేసి, టీవీ ముందు భూమవ్వ ఒక చేత్తో రిమోట్, ఇంకో చేత్తో మైకు పట్టుకుని నిలబడింది.

"మా ఆయన ఆడనే ఉంటడు, నేను ఈడనే ఉంట. నేనైతే స్టేడియం కట్ట. నల్లా పలిగితే మాత్రం నా తలుపు కొట్టుండ్రి, నడిరాత్రి నిద్రల ఉన్నా లేసొస్త!"

ఆ చప్పట్లన్నీ ఆమెకు. ఇక్రాముద్దీన్ మంచం మీద పడి దొర్లాడు.

"అరె భాయ్, అంతసేపు గాలికి చెప్పినవ్!"

పోశన్నకు తల కొట్టేసినట్టయింది. ఓట్లు లెక్కపెట్టేదాకా ఇంటికి ఫోనే చేయలేదు. భూమవ్వ గెలిచిందన్న కబురు వచ్చాక, మర్నాడు పొద్దున ఇక ఆగలేకపోయాడు.

"నా నోరెందుకు మూసినవే?" అన్నాడు.

"నువ్వు నీకు ఓట్లడిగినవ్. నేను నాకు అడుక్కున్న," అంది భూమవ్వ.

పోశన్న గల్ఫ్ వచ్చినప్పటి నుంచీ ఎన్ని ఫోన్లు చేశాడో. తాను చెప్పి పెట్టేయడమే గానీ, ఆమె చెప్పేది చివరిదాకా విన్న రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు. చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే ఆపుకోలేనంత సంబరం ముంచుకొచ్చింది, తన భార్య అంత మందిలో అలా మాట్లాడిందని.

"మరి ఏమేం చేద్దామనుకుంటున్నవ్? చెప్పు, వింట," అన్నాడు.

భూమవ్వ ముందు నమ్మలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, మురికినీళ్ల మోరీల దగ్గర్నుంచి. కింద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఇక్రాముద్దీన్ తలుపు దగ్గర నిలబడి, యల్లా యల్లా, డ్యూటీకి టైమైందని కేకేశాడు.

పోశన్న ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు భాయ్, మా సర్పంచ్ మాట్లాడుతున్నది."