నగారా నేర్చిన తుఫ్ఫాహ్

నగారా గొంతు గురించి ఆ వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. తోపుడు బండి మీద పళ్ళు పేర్చుకుని అతను ఒక్క కేక వేస్తే, నాలుగో సందులో నిద్రపోతున్న పిల్లి లేచి, పిల్లల్ని నోట కరుచుకుని ఊరవతలికి కాపురం మార్చేసిందని చెప్పుకుంటారు. అసలు పేరు ఎప్పుడో పోయి నగారా ఒక్కటే మిగిలింది. బావమరిదిదీ పళ్ళ బండే గాని, అతను నోరు విప్పడు. ప్రతి యాపిల్‌నీ మెత్తటి గుడ్డతో తుడిచి తుడిచి, అందులో చూసుకుని మీసం దువ్వుకునేంత మెరుపు తెస్తాడు. కనుక అతను తళుకు.

ఇద్దరికీ పేచీ ఒక మూల దగ్గర వచ్చింది. నాలుగంతస్తుల మేడ కింద, రెండు వీధులు కలిసేచోట, పొద్దంతా నీడ ఉండే చదును మూల అది. రెండు బండ్లూ అక్కడే నిలిపితే ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకోవడమే. ఎవరో ఒకరు ఎత్తు వీధి ఎక్కాలి. నగారా మోకాళ్ళు ఈమధ్య ఎత్తు వీధి పేరు వింటేనే కిర్రుమంటున్నాయి. ఆ సంగతి పైకి ఒప్పుకుంటే ఇంక నగారా ఎలా అవుతాడు?

ఆ మేడ మూడో అంతస్తులోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. కొడుకూ కోడలూ పనికి పోతే పగలంతా ముసలావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడకి అరబ్బీ తప్ప మరో ముక్క రాదు. మెట్లు దిగలేక, తాడు కట్టిన బుట్టను కిటికీలోంచి వదిలి పాలూ రొట్టే తెప్పించుకుంటుంది. పళ్ళ బండికి మాత్రం ఆ బుట్ట ఒక్కసారీ దిగలేదు. నగారా ఎంత అరిచినా ఆవిడకది గోలే. తళుకు యాపిల్‌ని ఎండకు పట్టి ఎంత మెరిపించినా, అంత ఎత్తునుంచి ఆవిడ కళ్ళకు ఆనదు.

"పందెం వేసుకుందామా బావా? ఆ బుట్ట ఎవరు దింపితే మూల వాళ్ళది. ఓడినోడు ఎత్తు వీధికి," అన్నాడు తళుకు.

"వేస్కో. ఓడాక పోయి మీ అక్క దగ్గర ఏడవకు."

"ఏడ్చేవి నా మోకాళ్ళు కాదుగా!"

నగారా నవ్వేశాడు గాని, ఆ మాట ములుకులా దిగింది. తిన్నగా టైలరు దగ్గరికి పోయాడు. టైలరు చాలా ఏళ్ళు అరబ్బు దేశంలో బట్టలు కుట్టి వచ్చినవాడు.

"అన్నా, యాపిల్‌ని వాళ్ళేమంటారు?"

"తుఫ్ఫాహ్."

"తుప్పా."

"ఇనుమేం కాదు, తుప్పు పట్టడానికి! చివర్న ఊపిరి రావాలి. కళ్ళజోడు తుడిచేముందు అద్దం మీద ఊదుతామే, అట్లా." టైలరు కళ్ళజోడు తీసి ఊది చూపించాడు.

నగారా కూడా ఊదాడు. మిషను కింది దారప్పోగులన్నీ లేచి ఎదురుగోడకు అతుక్కున్నాయి.

మాట దొరికింది గాని నిలవలేదు. గుమ్మందాకా ఉన్నది చెప్పులు విప్పేసరికి జారిపోయింది. మళ్ళీ వెళ్ళి అడిగొచ్చాడు. అన్నం ముందు కూర్చుని ఊదడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, అన్నం చల్లారే ఉందిగా, ఎందుకా ఊదుడు?" అంది భార్య.

"మాట నేర్చుకుంటున్నానే."

"నీకు వట్టి మాట ఎప్పుడు నిలిచిందని? పెళ్ళయిన కొత్తలో నా పేరే వీధిలోకెళ్ళి కేకేస్తే గాని గుర్తొచ్చేది కాదు. దాన్ని కూడా నీ బండి కేకలో పెట్టు."

పెట్టాడు. "తుఫ్ఫా...హ్! తియ్యటి తుఫ్ఫా...హ్!" జిగురు పూసినట్టు అతుక్కుపోయింది.

మర్నాడు పొద్దున్నే నేరుగా మూలకు పోవలసినవాడు. కాని బండి కదిలాక నోరు మూసుకోవడం అతని వంశంలోనే లేదు. ఇంటి దగ్గరే ఎత్తుకున్నాడు. టపటపా కిటికీలు తెరుచుకున్నాయి.

"ఏం పండయ్యా అది?" పంతులమ్మ గేటు దాకా వచ్చింది.

"యాపిలేనమ్మా. అరబ్బీలో అట్లా అంటారు."

"నాకు చెప్పకు. రంగు చూస్తే తెలీట్లా? యాపిల్ ఎక్కడ, ఇదెక్కడ! ఓ సంచీడు ఇయ్యి."

వెనకనుంచి బార్బరు అందుకున్నాడు. "చిన్నప్పుడు మా మేనత్త తినేది ఈ పండే. ఒక్కటి తింటే పడుకున్న మనిషి లేచి గోడ దూకుతాడు."

"మీ మేనత్త దూకిందా?"

"దూకబట్టే గదా మా మామయ్యతో పెళ్ళయింది!"

ఇంక ఆపేదెవరు? నగారా నోరు కేక మీద ఉంది, కళ్ళు మూడో అంతస్తు మీద ఉన్నాయి, చేతులు వాటి పాటికి అవి తూచి ఇస్తున్నాయి. అలాగే మూల చేరి, గుండె నిండా గాలి పీల్చి వదిలాడు.

"తుఫ్ఫా...హ్!"

మూడో అంతస్తు కిటికీ రెక్కలు గోడకు కొట్టుకున్నాయి. ముసలావిడ నడుముదాకా బయటికి వంగి, గుండె మీద చెయ్యేసుకుని, నవ్వుతూ గలగలా ఏదో చెప్పేసింది. బుట్ట ఊగుతూ కిందికి దిగింది. వీధంతా నిలబడి చూస్తోంది. నగారా ఠీవిగా బండి వైపు చెయ్యి చాచాడు. చేతికి పళ్ళ కింద పరిచిన గడ్డి తగిలింది. ఒట్టి గడ్డి.

పక్కనే తళుకు బండి, నిండా యాపిల్స్, నిగనిగలాడుతూ.

"కానీ బావా, నింపు. ఆవిడకి గడ్డి పెడతావా ఏంటి?"

బుట్ట ఖాళీగా పైకి పోతే మళ్ళీ ఎవరికోసమూ దిగదు. నగారా తళుకు వైపు తిరిగాడు. "ఒరేయ్... నీ పళ్ళు కాసిని ఇవ్వరా."

"వినపడలా!"

"ఇవ్వరా బాబూ!"

"ఇస్తే ఓడినట్టేనా?"

నగారా తలెత్తాడు. ఆవిడ రెండు చేతులతో తాడు పట్టుకుని ఆశగా కిందికే చూస్తోంది. "ఓడినట్టే. ముందు నింపు. ఆవిడ చేతులు లాగేస్తుంటాయి."

తళుకు మంచివి ఏరి ఏరి నింపాడు. బుట్ట పైకి పోయింది. ఆవిడ ఒక పండు కళ్ళ దగ్గరగా పెట్టుకుంది, వాసన చూసింది, చెంపకు ఆనించుకుంది.

నగారా బండి పిడి పట్టుకుని ఎత్తు వీధి వైపు తిప్పాడు.

"ఎక్కడికి?"

"మాటంటే మాటే. నింపింది నువ్వు."

"దింపింది నేను కాదుగా!" తళుకు చక్రానికి కాలు అడ్డం పెట్టాడు. "రేపు ఆవిడ కిటికీ తీస్తే కింద నా మూగ మొహమేనా కనపడేది? నా పళ్ళన్నీ నీ బండి మీద పోద్దాం. నువ్వు కేకెయ్యి, నేను తుడుస్తా."

"నీ బండి మీదే పోయొచ్చుగా?"

"నా బండి చక్రం వంకర. నీకు చెప్పలేదులే, పరువు తక్కువని."

నగారా ఒక డబ్బా బోర్లించి, నీడలో మోకాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఇంతలో పైనుంచి బుట్ట మళ్ళీ దిగింది. ఈసారి ఆవిడ వేరే మాటేదో చెప్పింది.

"ఏమడుగుతోందిరా?"

"నాకేం తెలుసు? అరబ్బీ పండితుడివి నువ్వు!"

నగారా తనకొచ్చిన మొత్తం అరబ్బీని ఇంకో రాగంలో పైకి వదిలాడు. ఆవిడ నవ్వి నవ్వి తాడు వదిలేసింది. తాడంతా వచ్చి తళుకు నెత్తిన పడింది.